తూకం ఉంది, నిలకడ లేదు

తుపాను వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: వాతావరణం సమతూకం కోల్పోయిందని. భౌతికశాస్త్రం చెప్పేది దాదాపు ఇందుకు తలకిందులు. తుపాను సుడిలో కూడా తూకం ఉంటుంది. ఆ మాటకొస్తే తూకం ఉండబట్టే అది రోజుల తరబడి బతుకుతుంది. లోపలికి లాగే పీడనాన్ని, సుడి తిరుగుడు వల్ల బయటికి నెట్టే బలం కాచుకోకపోతే ఆ అల్పపీడనపు గుంట గంటల్లోనే పూడిపోతుంది. లోపించేది నిలకడ. చూపుడువేలి కొసన నిలిపిన కర్ర తూకంలోనే ఉంటుంది, చిన్న కదలిక చాలు పడిపోవడానికి. ఆకాశంలోని పెద్ద గాలుల స్వభావం చాలావరకు ఇదే.

గాలి అధిక పీడనం నుంచి అల్ప పీడనం వైపు వీస్తుందని బడిలో చదువుకున్నాం. గది కిటికీ వరకు అది నిజమే. వందల, వేల కిలోమీటర్ల మేర సాగే గాలిని భూభ్రమణం ఉత్తరార్ధగోళంలో కుడివైపు తిప్పుతుంది. ఫ్రెంచి ఇంజినీరు కోరియాలిస్ 1835లో తిరిగే యంత్రాల కోసం లెక్కగట్టిన ప్రభావం ఇది. పీడనం ఒకవైపు, ఈ మళ్లింపు మరోవైపు లాగడంతో గాలి ఆ రెంటి నడుమ సమపీడన రేఖల వెంట ప్రవహిస్తుంది. విశాఖ అక్షాంశంలో వంద కిలోమీటర్లకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతోందనుకుందాం. అడ్డుకునే బలమే లేకపోతే గాలి ఒక్క రోజులో గంటకు 250 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. తూకం కుదిరితే 70 దగ్గర ఆగుతుంది, నేలకు దగ్గర రాపిడి వల్ల ఇంకా తగ్గుతుంది.

ఈ తూకం ఎంత సున్నితమో ఇంగ్లండు శాస్త్రవేత్త రిచర్డ్‌సన్ వైఫల్యం చూపించినంత బాగా ఏ విజయమూ చూపలేదు. 1910 మే 20 నాటి కొలతలతో జర్మనీ మీది వాతావరణాన్ని ఆయన చేత్తో లెక్కగట్టి, 1922లో పుస్తకంగా ప్రచురించారు. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్‌లు పెరుగుతుందని లెక్క తేలింది. నిజానికి ఆ రోజు పీడనం పెద్దగా కదలనేలేదు. సమీకరణాలు సరైనవే. కొలిచిన గాలికీ కొలిచిన పీడనానికీ మధ్య పొంతనలో ఉన్న చిన్న తేడా లెక్కలో కొండంత అయింది. చాలా ఏళ్ల తర్వాత వాతావరణ శాస్త్రవేత్త పీటర్ లించ్ ఆ తొలి కొలతలను తూకంలోకి తెచ్చి మళ్లీ లెక్కిస్తే ఆ అసాధ్యమైన పెరుగుదల దాదాపు మాయమైంది.

అంత తూకమే ఉంటే వాన ఎందుకు పడుతుంది, గాలి రేఖల వెంట తిరుగుతూ ఉండిపోవాలి కదా అని అడగవచ్చు. నిజమే, తూకం పూర్తిగా కుదిరితే వాతావరణంలో వార్తలే ఉండవు. కానీ అది ఎప్పుడూ ఇసుమంత తక్కువగానే కుదురుతుంది. గాలి అడ్డంగా సెకనుకు పదుల మీటర్ల వేగంతో సాగుతుంటే, విశాలమైన వాన మేఘాల్లో అది పైకి లేచే వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. మన పంటలు ఆధారపడింది ఆ మిగులు మీద.

నిలకడ సంగతి ఇంకా ఆసక్తికరం. సమశీతోష్ణ మండలంలో దక్షిణాన వెచ్చన, ఉత్తరాన చల్లన. ఆ తేడాకు సరిపడా పడమటి గాలి ఎత్తుకు పోయేకొద్దీ బలపడుతుంది. అది తూకమే. అయితే 1947లో అమెరికాలో చార్నీ, 1949లో ఇంగ్లండులో ఈడీ అనే శాస్త్రవేత్తలు వేర్వేరుగా లెక్కించి, అలాంటి గాలిలో కొన్ని వేల కిలోమీటర్ల పొడవున్న చిన్న అల పుడితే అది తనంతట తానే పెరుగుతుందని తేల్చారు. వెచ్చటి గాలి ఉత్తరానికి జరుగుతూ పైకి లేస్తుంది, చల్లటిది దక్షిణానికి జారుతూ దిగుతుంది, ఆ దిగుడులో విడుదలైన శక్తి అలకు ఆహారం. యూరప్ చలికాలపు తుపాన్లు ఎక్కువగా ఇలాంటివే.

ఇదంతా అక్కడి కథ, మనకేమిటంటారా? భూమధ్యరేఖ మీద కోరియాలిస్ బలం సున్నా, దానికి అయిదు డిగ్రీల లోపు తుపాన్లు పుట్టడం చాలా అరుదు. తెలుగు తీరం మాత్రం అంత దక్షిణాన లేదు. పైగా ఇక్కడ సూత్రం అదే, ఫలితం వేరు. వానాకాలంలో టిబెట్ పీఠభూమి మీది గాలి వేడెక్కుతుంది, దక్షిణాన సముద్రం మీది గాలి అంతకంటే చల్లగా ఉంటుంది. అంటే తేడా తిరగబడింది. అందుకే ద్వీపకల్పం పైన 14, 15 కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి జెట్ ప్రవాహం అనే వేగవంతమైన గాలి సాగుతుంది. దీన్ని భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో వివరించారు. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. జూలైలో బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది, తేమకు కొదవ లేదు, అయినా భీకర తుపాన్లు లేచేది అప్పుడు కాదు. సుడి మధ్యన పోగవ్వాల్సిన వేడిని పై గాలి పక్కకు ఈడ్చుకుపోతుంది కాబట్టి వాయుగుండాలు వానలు కురిపించి సద్దుమణుగుతాయి. యూరప్‌లో తుపానుకు ఊపిరి పోసే, ఎత్తుతో పాటు గాలిలో వచ్చే ఈ తేడాయే ఇక్కడ దాని గొంతు నొక్కుతుంది. శరత్తులో టిబెట్ చల్లబడి జెట్ తప్పుకున్నాక, సముద్రం ఇంకా వెచ్చగా ఉండగానే దారి తెరుచుకుంటుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుపాను 1996 నవంబరు 6న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చాయి.

సముద్రాలు వేడెక్కుతున్నాయి కాబట్టి తూకం చెడినట్టే కదా అనే వాదనకూ ఇక్కడే జవాబు దొరుకుతుంది. వేడి పెరిగితే తుపానుకు అందే ఇంధనం పెరుగుతుంది, అది చిన్న సంగతి కాదు. కానీ వేడి ఒక్కటే నిర్ణయిస్తే జూలై, ఆగస్టుల్లోనూ తీరానికి ఊపిరాడకూడదు. వాతావరణ శాఖ తుపాను బులెటిన్లలో సముద్ర ఉష్ణోగ్రతతో పాటు కింది గాలికీ పై గాలికీ ఉన్న తేడాను కూడా ఇచ్చేది అందుకే.