ఎర్రచెట్ల లోయ

పిల్లలూ! మీ ఊళ్ళో బాగా ఎత్తయిన కొబ్బరిచెట్టును ఒకసారి తలచుకోండి. అటువంటివి మూడు, ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినట్టు ఊహించండి. అంత ఎత్తు చెట్లు నిజంగానే ఉన్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మా అమ్మాయి ఉంటున్నది. అక్కడికి వెళ్ళినప్పుడు ఆ చెట్లను నేను కళ్ళారా చూశాను.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన, గోల్డెన్ గేట్ వంతెన దాటి వెళితే, ఒక కొండ కింద ఇరుకైన లోయ వస్తుంది. దాని పేరు మ్యూర్ వుడ్స్. లోయ అడుగున ఒక వాగు, వాగు వెంట కాలిబాట, రెండు పక్కలా రెడ్‌వుడ్ చెట్లు. వీటి చేవ ఎర్రగా ఉంటుంది; అందుకే ఆ పేరు. అన్నిటికన్నా పొడవైనది సుమారు 258 అడుగులు. చాలా చెట్లకు 500 నుంచి 800 ఏళ్ళ వయస్సు.

ఇంత మాను దేనినుంచి పుడుతుందో తెలుసా? టమాటా గింజంత గింజ నుంచి! ఆ ప్రాంతంలో వేసవిలో వాన ఉండదు. మరి నీళ్ళెలా? సముద్రం మీదినుంచి పొగమంచు లోయలోకి వస్తుంది. అది ఆకుల మీద చుక్కలు కట్టి, వేళ్ళ దగ్గర టపటపా రాలుతుంది. ముసలి చెట్ల బెరడు అడుగు మందం కూడా ఉంటుంది గనక చిన్న మంటలు లోపలికి దిగవు. మాను కూలినా, అరటికి వచ్చినట్టు మొదట్లోంచి పిలకలు లేస్తాయి.

కాని మంటను తట్టుకునే చెట్టు రంపాన్ని తట్టుకోలేదు కదా! నగరంలో ఇళ్ళు కట్టడానికి చుట్టుపక్కల అడవులన్నీ నరికేశారు. ఈ లోయకు సరైన దారి లేక ఇది మిగిలింది. 1905లో విలియం కెంట్ అనే ఆసామి దీన్ని కాపాడాలని 611 ఎకరాలు 45,000 డాలర్లకు కొన్నాడు. అంత ఖర్చేమిటని భార్య సందేహించింది. ఉన్న డబ్బంతా పోయినా చెట్లు దక్కితే చాలునన్నాడు కెంట్.

రెండేళ్ళకే మరో ఆపద వచ్చింది. 1907లో ఒక నీళ్ళ కంపెనీ వాగుకు ఆనకట్ట కడతామని, అందుకు భూమి ఇప్పించమని కోర్టుకెక్కింది. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుంది. సొంత భూమి గనక కోర్టు ఇప్పించవచ్చు. ప్రభుత్వ భూమి అయితే ఇప్పించలేదు. కెంట్ బాగా ఆలోచించి, చెట్లున్న 295 ఎకరాలను ప్రభుత్వానికి ఉచితంగా రాసి ఇచ్చేశాడు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ లోయను జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ఇక దాన్ని ముంచే వీలు లేకపోయింది.

లోయకు దాత పేరే పెడదామన్నాడు రూజ్‌వెల్ట్. కెంట్ ఒప్పుకోలేదు. అడవుల రక్షణకోసం జీవితమంతా పాటుపడిన జాన్ మ్యూర్ పేరే ఉండాలన్నాడు. తనకు అయిదుగురు కొడుకులున్నారనీ, వాళ్ళు నిలబెట్టలేని పేరు మరుగున పడినా ఫరవాలేదనీ జవాబు రాశాడు. మన వైపు గుడికి ఫాను ఇచ్చినవారు రెక్కల మీద కూడా పేరు రాయించుకోవడం మీరు చూసే ఉంటారు!

బాటలో ఒకచోట, నిశ్శబ్దంగా రమ్మని బోర్డు ఉన్నది. ఆ మాట తరగతిలో ఏళ్ళ తరబడి అరిచి చెప్పినవాణ్ణి నేను. అక్కడ మాత్రం పిల్లలు తలెత్తి చెట్లను చూస్తూ, తమంతట తామే గొంతు తగ్గించారు.

ఈ సెలవుల్లో మీరొక పని చెయ్యండి. మీ ఊళ్ళో అన్నిటికన్నా పాత చెట్టు దగ్గరికి వెళ్ళండి. తాడుతో దాని చుట్టుకొలత తీసి రాసుకోండి. దాన్ని నాటినదెవరో, నరకకుండా కాపాడినదెవరో మీ తాతయ్యనూ అమ్మమ్మనూ అడగండి. పేరు తెలియకపోతే విచారించవద్దు. కాసేపు ఆ నీడన కూర్చుని రండి.