కాలు వాచిన ప్రతిసారీ బోదకాలేనా?

వరంగల్-ఖమ్మం దారిలో ఉన్న మరిపెడ చుట్టుపక్కల ఊళ్ళల్లో పెద్దవాళ్ళకు కాలు వాచిందంటే ముందు నోట వచ్చే మాట బోదకాలు. ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు. తెలంగాణకు ఈ జబ్బు పాతదే. బోదకాలు, అంటే ఫైలేరియా, బాధితులకు ప్రభుత్వం పింఛను కూడా ఇస్తోంది. అయితే అదే వాపు కొన్నిసార్లు గుండె పంపే కబురు. ఈ రెండు జబ్బులనూ కలిపేది మనం పెద్దగా పట్టించుకోని శోషరస వ్యవస్థ.

రక్తం సన్నటి కేశనాళికల్లో పారుతున్నప్పుడు కొంత నీరు, కాస్త ప్రోటీను గోడల్లోంచి బయటికి ఊరుతాయి. ఆ ఊటను తిరిగి రక్తంలో కలిపేవి శోషరస నాళాలు. పెద్దవాళ్ళలో రోజుకు సుమారు 3 లీటర్లు! ఒంట్లో ఉన్న మొత్తం రక్తమే 5 లీటర్లన్నది గుర్తుంచుకుంటే ఇదెంత పనో తెలుస్తుంది. కాళ్ళ నుంచి, పొట్ట నుంచి వచ్చే శోషరసం ఛాతీలో ఒకే పెద్ద నాళంలో చేరి, మెడ దిగువన ఎడమవైపు సిరలో పడుతుంది.

చిక్కంతా అక్కడే. గుండె బలహీనపడితే సిరల్లో రక్తం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. దాంతో ఊట ఎక్కువవుతుంది. ఆ ఒత్తిడికి ఎదురెళ్ళి శోషరసం సిరలో పడటమూ కష్టమవుతుంది. రెండు కాళ్ళూ వాస్తాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది. బోదకాలు వేరు. దోమకాటుతో వచ్చిన పురుగులు శోషరస నాళాల్లోనే ఏళ్ళ తరబడి కాపురముండి వాటిని పాడుచేస్తాయి. తరచు ఒక కాలే ఎక్కువ వాస్తుంది. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళలు, రానురాను మందపడే చర్మం దాని గుర్తులు. ఈ జబ్బుకు పంచే డీఈసీ మాత్ర వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల ఫలితంగానే 1947లో ఆ మందు వెలుగుచూసింది.

గుండె కండరానికీ సొంత శోషరస నాళాలున్నాయి. గుండెపోటు తర్వాత ఆ కండరంలోనూ నీరు చేరుతుంది. ఎలుకల్లో ఒక ప్రోటీనుతో ఈ నాళాలను పెంచితే వాపు తగ్గి, గుండె పనితీరు మెరుగైంది. అది మనుషులకు ఇంకా మందుగా రాలేదు కాబట్టి అద్భుత చికిత్స అంటూ వచ్చే ప్రకటనలను నమ్మకండి.

గుండె జబ్బు వల్ల వచ్చే వాపును తగ్గించే, నీరు తీసే మాత్ర బోదకాలుకు పనిచేయదు. దానికి రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తులో పెట్టుకోవడమే ముఖ్యం. రెండు కాళ్ళూ వాచి ఆయాసం కూడా ఉంటే మాత్రం బోదకాలని సరిపెట్టుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించి గుండె పరీక్ష చేయించుకోండి.