ఖిదిర్‌పూరు ప్రహసనములు – ఔత్సాహిక రంగస్థలము

కలకత్తాకు నైరృతి దిశను, హుగ్లీ తీరమున, కర్నల్ హెన్రీ వాట్సను ఓడల నిర్మాణమునకు పూనుకొనిన పేట నేటికిని అతని పేర వాట్‌గంజ్ అని వ్యవహరింపబడుచున్నది. దాని నంటియున్న ఖిదిర్‌పూరులో వకీలు రాజనారాయణదత్తు గృహముండెడిది. అతని కుమారుడు మైకేల్ మధుసూదనదత్తు (1824–1873) బాల్యము కొంత ఈ ప్రాంతముననే గడచినది. మధుసూదనుడు 1848 మొదలు 1856 వఱకు మద్రాసున నుండెను. 1849లో మిత్రుడైన గౌరదాస్ బసాకునకు తన దినచర్యను వ్రాయుచు, పగలు 2 గంటలు మొదలు 5 గంటల వఱకు తెలుగు సంస్కృతములను చదువుచుంటినని తెలిపెను. ఇది ప్రసంగవశమున చెప్పినది. ప్రస్తుతాంశము అతని రెండు ప్రహసనములు.

పైక్‌పాడా రాజసోదరులగు ప్రతాపచంద్ర, ఈశ్వరచంద్ర సింహులు బెల్గాఛియా తోటలో నెలకొల్పిన నాట్యశాలలో 1858లో 'రత్నావళి', మఱుసటి సంవత్సరము మధుసూదనుని 'శర్మిష్ఠ' ప్రదర్శితములయ్యెను. ధనికుల పోషణచే సాగిన రంగస్థలమది. ఆ రాజులు కోరగా మధుసూదనుడు 'ఏకేయి కి బలే సభ్యతా', 'బుడో శాలికేర్ ఘాడే రోఁ' అను ప్రహసనములను వ్రాసెను. అవి 1860లో ముద్రితములయ్యెను. ఒక్కొక్కటి రెండంకములు మాత్రమే. మొదటిది సంస్కరణము పేర సభ చేరి మద్యము త్రాగు నవనాగరికులను, రెండవది జపమాల త్రిప్పుచునే పేదరైతు భార్యపై కన్నువేసిన వృద్ధ జమీందారును పరిహసించినవి. ఇరుపక్షములవారికిని కోపము వచ్చెను. రాజులు వెనుకకు తగ్గిరి. బెల్గాఛియాలో ఆ రెండును ప్రదర్శింపబడలేదు. వ్యయము చాలకపోవుట దీనికి కారణము కాదు. పోషకుని యింట ఆడు నాటకము పోషకుని బంధుమిత్రులను నొప్పింపరాదు. ప్రహసనమునకో, నొప్పించుటయే పని.

ఈ నిరాశతో మధుసూదనుడు రాజనారాయణ బసునకు వ్రాసిన లేఖ గమనింపదగినది. జాతీయ రంగస్థలము లేని దేశమున, అభిరుచిని తీర్చిదిద్దు గంభీర నాటకములు తగినన్ని లేనపుడు, ప్రహసనము లుండరాదనియు, వానిని ప్రకటించినందులకు కొంత విచారించుచుంటిననియు దాని సారాంశము. తర్కమునకు ఇది సమంజసముగనే తోచును. చరిత్ర మాత్రము వేఱుదారి త్రొక్కినది.

శోభాబజారు ఔత్సాహికులు 'సభ్యతా' ప్రహసనమును 1865లో ఆడిరి. బాగ్‌బజారు యువకుల కథ మఱింత ముఖ్యము. గిరీశచంద్ర ఘోషు మొదలగువారు 1867లో 'శర్మిష్ఠ'ను యాత్రగా ఆడిరి. పిదప రంగస్థలము మీద ఆడవలెనని కోరిక కలిగినను, రాజవేషములకు, పట్టువస్త్రములకు చేత ధనము లేదు. అందుచే దీనబంధు మిత్రుని 'సధవార్ ఏకాదశి' యను ప్రహసనము నెన్నుకొని 1868 దుర్గాపూజ దినములలో ఒక గృహస్థు నింట ప్రదర్శించిరి. నిత్యము ధరించు ధోవతులే వేషములు. గిరీశుడు త్రాగుబోతు నిమ్‌చాందు పాత్ర ధరించెను. ఈ పాత్రకు మధుసూదనుడే మూలమని ఒక ప్రతీతి కలదు. దీనబంధుని నాటకములే లేకున్నచో ధనహీనులైన యువకులు రంగస్థలమును స్థాపింపగలిగియుండరని గిరీశుడు తరువాతి కాలమున ఒక అంకితమున ఒప్పుకొనెను. ఈ సమాజమే 1872 డిసెంబరు 7న 'నీల్‌దర్పణ్'తో, టిక్కెట్లు అమ్మి, నేషనల్ థియేటరుగా వెలసినది. (అంత గొప్ప పేరునకు తగిన సామగ్రి లేదని గిరీశుడు తొలుత దూరముగనే యుండెను.) జాతీయ రంగస్థలము లేనిదే ప్రహసనము తగదన్న మాటకు ఇది సరిగా ఎదురు: ఇచట ప్రహసనము ముందు పుట్టినది.

తెలుగునాటను దీనికి పోలిక కలదు. 1880 ప్రాంతమున రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము విద్యార్థులచే ఆడించిన 'వ్యవహారధర్మబోధిని' వకీళ్ల కపటమును వెల్లడించు చిన్న ప్రహసనము. వకీలు వేషమునకు కిరీటముతో పనిలేదు. కాగితముల కట్ట చాలును. భాషావిషయమున పోలిక ఇంకను గాఢము. మధుసూదనుడు తన కావ్యములలో సంస్కృతపదభూయిష్ఠమైన శైలిని వాడియు, ప్రహసనములలో పల్లె ముసల్మాను రైతునకు వాని మాటనే యిచ్చెను. నీతిచంద్రికా శైలిలో వచనము వ్రాసిన వీరేశలింగమును ప్రహసన పాత్రలచే వీథిలో వినబడు తెలుగునే పలికించెను.