ఆకుతోటలో సేంద్రియ సేద్యము

కడపకు ఉత్తరమున, పెన్నానది చెంత చెన్నూరు గ్రామము కలదు. కర్నూలు–కడప కాలువ నీరు పారెడు ఆ ప్రాంతమున వరియు పసుపును పండును; అయినను ఆ యూరికి దూరదేశములందు పేరు తెచ్చినది తమలపాకు. ఎండ మండిపోవు మధ్యాహ్నవేళ ఆకుతోటలో అడుగిడినవారికి అది పొలమువలె గాక యొక యిల్లువలె తోచును. వరుసలుగా నిలిచిన అవిశెచెట్లు దానికి స్తంభములు. వాని కొమ్మలు పైకప్పు. స్తంభములను చుట్టుకొని యెగబ్రాకిన తీగలే గోడలు. లోపల నీడ, చల్లదనము, తడి. తమలపుతీగ మలయదేశపు అడవులవైపున పుట్టినదని శాస్త్రజ్ఞుల తలంపు. ఆ యడవి నీడను, ఆ యడవి తేమను రాయలసీమ యెండలో మన రైతు తన చేతులతో కల్పించి ఆ తీగను కాపాడుచున్నాడు. ఇది సామాన్యమైన నేర్పు గాదు.

కాని, శ్రోతలారా, అడవిలో నీడయు తేమయు మాత్రమే కలవా? అడవి నేల యెట్లుండును? ఏటేట రాలిన ఆకు, విరిగిన కొమ్మ, చచ్చిన వేరు కుళ్ళి, మెత్తని నల్లని మన్నై, వానపాములతోడను కంటికి కానరాని కోట్లకొలది సూక్ష్మజీవులతోడను నిండియుండును. మనము తీగకు అడవి నీడ నిచ్చితిమి గాని, అడవి నేల నీయలేదు. నేలకు బదులుగా బస్తా నిచ్చితిమి. రసాయనపు టెరువును విడిచి సేంద్రియ సేద్యమునకు మరలదలచిన ఆకుతోట రైతు ముందుగా గ్రహింపవలసిన సంగతి యిదియే. అతడు మార్చవలసినది ఎరువును గాదు, నేలను.

బస్తా యెరువును నిందించుటకై నేనీ మాట చెప్పుటలేదు. మొక్క నేలనుండి లవణములను గ్రహించునని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1840లో తన గ్రంథమున వివరించెను. 1913లో ఆ దేశముననే ఒప్పావు అను చోట గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చు కర్మాగారము మొదలయ్యెను. ఆ విద్య వలననే నేడు లోకమున కోట్లాది జనులు అన్నము తినుచున్నారు. యూరియా వేసిన వారము పది దినములలో ఆకు పచ్చబడును. ఆ పచ్చదనము కన్నుల కింపుగా నుండును. అయితే యూరియా మొక్కకు తిండి పెట్టునే గాని, నేలకు తిండి పెట్టదు. పెంటయెరువు మానివేసి, ఏండ్లకొలది యూరియానే నమ్మిన తోటలో నేల గట్టిపడును. నీరు త్వరగా ఇంకదు. నత్రజని మితిమీరిన తీగ లేతదై, నీరువట్టి, తెగులునకు సులభముగా లోబడును.

ఆకుతోటకు తెగులన్నచో వరిపైరు తెగులువంటిది గాదు. మొదలుకుళ్ళు, ఎండుతెగులు కలిగించు ఫైటోఫ్తోరా యను శిలీంధ్రమువంటి సూక్ష్మజీవి నీటివెంట నడచును. వానకాలమున ఒక మొదట పుట్టినచో, పారెడు నీటితో వరుస వెంబడి వ్యాపించును. ఏండ్ల తరబడి పెంచిన తోట కొలది వారములలో వాడి వ్రేలాడును. వేరుబుడిపెలు పుట్టించు నులిపురుగు వేళ్ళను గాయపరచి ఈ తెగులునకు తలుపు తెరచును. కనుక ఆకుతోట రైతునకు నేల ఆరోగ్యము వేదాంతపు మాట గాదు. అప్పు తీరుటయు తీరకుండుటయు దానిమీద నాధారపడియున్నవి.

ఇక లెక్క చూతము. నేడు మన దేశమున యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని నూటికి 46 పాళ్ళు. అనగా బస్తాకు ఇంచుమించు 20 కిలోలు. వేపపిండిలో నత్రజని నూటికి 5 పాళ్ళు. ఆముదపు పిండిలో 4 పాళ్ళకు పైన. వేరుసెనగ చెక్కలో 7 పాళ్ళు. మాగిన పశువుల పెంటలో అరపాలు. ఆ 20 కిలోల నత్రజనిని వేపపిండితో నీయదలచినచో 400 కిలోలు కావలెను. పెంటయెరువుతో నీయదలచినచో 4 టన్నులు, అనగా ఇంచుమించు ఒక ట్రాక్టరు ట్రక్కు నిండుగా కావలెను. ఈ లెక్క తెలియక, ఒక బస్తా యూరియాకు మారుగా ఒక బస్తా వేపపిండి వేసి, ఆకు పసుపుబారగానే ‘సేంద్రియము మన నేలకు పడదు’ అని విసిగి మరల యూరియాకు పోయినవారు పెక్కుమంది. పడనిది నేలకు గాదు, లెక్కకు.

తూకముతోపాటు కాలపు లెక్క వేరొకటి కలదు. యూరియా నీటిలో కరగి కొలది దినములలో వేరుకు అందును. పిండియు పెంటయు అట్లు కరగవు. వానిని సూక్ష్మజీవులు తిని, జీర్ణించుకొనిన పిదపనే అందలి సారము వేరుకు దక్కును. దానికి వారములు పట్టును, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. పైగా మాగని పెంటగాని, ఎండుగడ్డిగాని నేలలో కలిపినచో, దానిని కుళ్ళించుటకై ఆ జీవులు నేలలోనున్న నత్రజనిని సైతము తామే తినివేయును; తీగ కొన్నాళ్ళు ఆకలితో మాడును. కావున ఆకు పాలిపోయిన దినమున పిండి వేయుట, ఆకలిగొన్నవానికి వడ్లు కొలిచి యిచ్చుటవంటిది. వడ్లు మంచివే; అవి అన్నమగుటకు వేళ కావలెను.

మరి యెట్లు మరలవలెను? క్రమముగా మరలవలెను. తోటనంతటిని ఒక్క దినమున మార్చుట సాహసము. ముందుగా మన్ను పరీక్ష చేయించవలెను. నేలలో సేంద్రియ కర్బనము నూటికి అరపాలునకు తక్కువయైనచో అది బీదనేల. ముప్పాతికపాలునకు మించినచో పుష్టిగల నేల. కడప చెంతనున్న ఊటుకూరులోని కృషి విజ్ఞాన కేంద్రమువారిని సలహా అడుగవచ్చును. నేల బీదదైనచో మొదటి యేట యూరియాను పూర్తిగా మానక, నత్రజనిలో సగము పిండితోను సగము యూరియాతోను ఇచ్చుట మేలు. తోటలో నాలుగవ వంతును మాత్రము పూర్తిగా సేంద్రియమునకు విడిచి, రెండింటి దిగుబడిని, ఖర్చును, తెగులు సోకిన మొదళ్ళ సంఖ్యను పుస్తకమున వ్రాసి పోల్చుకొనవలెను. పొరుగువాని మాటకన్న తన పుస్తకము నమ్మదగినది.

కొత్తగా తోట వేయువారికి పని సులువు. అవిశె విత్తుటకు ముందు జనుమో జీలుగయో చల్లి, పూతకు వచ్చినప్పుడు నేలలో కలియదున్నవలెను. మాగిన పెంటయు, దొరికినచో చెరువులోని వండ్రుమట్టియు తోలవలెను. అవిశె కేవలము నీడ కొరకును ఊత కొరకును వేయు చెట్టు గాదు. పప్పుజాతిది గనుక తన వేరుబుడిపెలయందలి జీవులద్వారా గాలిలోని నత్రజనిని పట్టును. దాని కొమ్మలను నరికి పశువులకు మేపుచున్నాము. ఆ పశువుల పెంట మరల తోటకే వచ్చినచో వలయము పూర్తియగును. పెంటను పిడకలుగా కాల్చినచో వలయము తెగును. రాలిన అవిశెయాకును ఊడ్చి పారవేయక మొదళ్ళ నడుమ పరచవలెను. అయితే మొదటికి తగులునట్లు కుప్పవేయరాదు. తడి నిలిచి కుళ్ళు పుట్టును.

ఎత్తుగా పెరిగిన తీగను దించి, చుట్టి, మట్టిలో పూడ్చుట మన తోటలలో నున్న ఆచారమే. అప్పుడు కణుపులయొద్ద కొత్తవేళ్ళు పుట్టును. ఆ కొత్తవేళ్ళకు మేలైన మన్ను అందవలెనన్నచో, తీగ దించుటకు కొన్ని వారముల ముందే పిండి వేసియుండవలెను. ఆ సమయముననే ట్రైకోడెర్మా యను మేలుచేయు శిలీంధ్రమును చేర్చుట మంచిది. 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడన కుప్పవేసి, నీళ్ళు చిలకరించి, తడిగోనె కప్పి వారము పది దినములుంచినచో కుప్పయంతట తెల్లని పచ్చని బూజు అల్లుకొనును. దానిని మొదళ్ళచుట్టు వేయవలెను. అది చెడుశిలీంధ్రములకు శత్రువు. వేపపిండి నులిపురుగులను అణచును. కిలో మైలుతుత్తము, కిలో సున్నము, నూరు లీటర్ల నీటితో చేయు బోర్డో మిశ్రమము తెగులునకు పాత మందే. కాని రాగి మేలు శిలీంధ్రమును సైతము చంపును గనుక రెండింటిని ఒకేసారి వాడరాదు. అన్నిటికన్న ముఖ్యము నీరు. కాలువ వచ్చినదని తోటను ముంచుట, మురుగు పోవు బోదెను పూడనిచ్చుట తెగులును పిలిచి పీట వేయుటయే. ఏ యెరువును ఆ తప్పును సవరింపజాలదు.

జీవామృతమునుగూర్చి అడుగువారు చాలమంది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల పంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, పిడికెడు గట్టుమన్ను కలిపి, నీడన రెండు దినములు పులియబెట్టి ఎకరమునకు పారింతురు. ఇది మంచిదే, కాని దీనిలోనున్న నత్రజని స్వల్పము. ఇది అన్నము గాదు, తోడు. పాలు లేని కుండలో తోడు వేసినచో పెరుగు తోడుకొననట్లే, పెంటయు ఆకుచెత్తయు లేని బీదనేలకు జీవామృత మొక్కటియే చాలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. తమలపాకును మనము ఉడికించి తినము. కడిగి తినుటయు అంతంత మాత్రమే. అందుచేతనే పురుగుమందులు దానిపై నిలువరాదని కోరుచున్నాము. ఆ న్యాయమే పేడకును వర్తించును. పచ్చిపేడలో రోగక్రిములుండవచ్చును. సాల్మొనెల్లా యను క్రిమి కనబడుటచే 2014లో ఐరోపా సమాఖ్య బంగ్లాదేశపు తమలపాకును తమ యంగడులలోనికి రానీయక నిషేధించెను. ఆ నిషేధము 2021 వరకు నడచెను. కావున ఆకుతోటలో బాగుగ మాగిన పెంటనే వాడవలెను. జీవామృతమును నేలకు పారించవలెనే గాని కోతకు వచ్చిన ఆకుపై చల్లరాదు. కోసిన ఆకును మంచినీట కడుగవలెను. ‘సేంద్రియము’ అనుమాట శుభ్రతకు బదులు గాదు.

ఈ మార్గమున మనము మొదటివారము గాము. ఇండోరులో 1924 మొదలుకొని ఆల్బర్ట్ హోవర్డు దొర మన పల్లెల చెత్తను, పేడను పొరలు పొరలుగా పేర్చి మాగబెట్టు పద్ధతిని చక్కదిద్ది లోకమునకు చాటెను. తెలంగాణమున వరంగల్లు ప్రాంతపు చిన్న పల్లె ఏనెబావి 2006లో రసాయనములను పూర్తిగా వదలితిమని ప్రకటించుకొనెను. ఆంధ్రప్రదేశమున 2016లో రైతు సాధికార సంస్థ పూనికపై మొదలైన ప్రకృతి వ్యవసాయమునకు 2024లో పోర్చుగల్లు దేశపు గుల్బెంకియన్ బహుమానములో భాగము లభించెను. 2015 నుండి మన దేశమున యూరియాకే వేపనూనె పూత పూయుచున్నారు. వేప విలువను బస్తాయే ఒప్పుకొన్నది.

అయినను కష్టమును దాచి సుఖమును మాత్రము చెప్పుట న్యాయము గాదు. మొదటి ఒకటి రెండేండ్లు ఆకు తగ్గవచ్చును. పిండి ఖర్చు పెరుగును. బహువార్షికపు పైరునకు సేంద్రియ ధ్రువపత్రము కావలెనన్న మన దేశపు నియమముల ప్రకారము 36 నెలలు రసాయనములు లేక గడపవలెను. ఆ మూడేండ్లును ఆకు మామూలు ధరకే పోవును. ఇక కౌలుదారుని మాట యేమి? ఏడాదికొకమారు కౌలు మార్చునట్టి నేలలో మూడేండ్ల పెట్టుబడి పెట్టుమని చెప్పుట సులభము, పెట్టుట కష్టము. తాను బాగుచేసిన మన్నును మరియొకడు అనుభవించునను భయముగలవానికి ఏ ఉపన్యాసమును పనికిరాదు. కనుక సేంద్రియము కోరు భూస్వామి మూడు నాలుగేండ్లకు తక్కువ గాకుండ కౌలు వ్రాసి యీయవలెను. నేల బాగుపడినచో లాభము చివరకు అతనిదే గదా.

పెండ్లిలోను పేరంటములోను మనము అతిథి చేతిలో పెట్టునది తమలపాకు. దేవుని ముందుంచునదియు అదియే. దానిని ఇచ్చువాడును పుచ్చుకొనువాడును దాని పచ్చదనమునే చూతురు. అది పుట్టిన మన్నును చూడరు. చూడవలసినవాడు రైతు. రేపు తోటలోనికి పోయినప్పుడు రెండు వరుసల నడుమ ఒక్క పార మన్ను తవ్వి చేతిలోనికి తీసికొనుడు. అది మెత్తగా విడిపోవుచున్నదా? వానవాసన వేయుచున్నదా? ఒక వానపామైనను కదలుచున్నదా? లేనిచో, ఈ యేటి అవిశెయాకును ఊడ్చి తగులబెట్టక అచ్చటనే యుంచి పని మొదలుపెట్టుడు.