సర్వే కాగితాలతో మీ గుమ్మం ముందుకు వచ్చే పిల్లలు

ఎండాకాలంలో మన భట్టిప్రోలు వీధుల్లో భుజాన సంచి, చేతిలో లాగ్‌బుక్కుతో ఇద్దరిద్దరుగా తిరిగే డిగ్రీ పిల్లలను మీరు చూసే ఉంటారు. "ఓట్ల సర్వేనా అమ్మా, రేషను కార్డుల సర్వేనా?" అని అడిగి, మంచినీళ్ళిచ్చి పంపేస్తాం. వారు ఎందుకు వస్తారో, ఆ పనిలో మన వంతు ఏమిటో ఈసారి వ్రాస్తున్నాము.

కాలేజీ పిల్లలు ఊళ్ళలోకి రావడం కొత్త కాదు. గాంధీగారి శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావుగారు 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. మనం ఎన్.ఎస్.ఎస్. అనేది దానినే. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళ సేవ, ఏడు రోజుల శిబిరం. అయితే అందులో ఇష్టపడిన వారే చేరేవారు. 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును అందరికీ చదువులో భాగం చేసింది. మొదటి సంవత్సరం పూర్తయ్యాక వేసవి సెలవుల్లో 180 గంటలు. ముందు ఇంటింటి సర్వే, తరువాత అవగాహన కార్యక్రమాలు, ఆపైన ఒక సమస్యను ఎన్నుకొని దానిమీద పని, చివరకు నివేదిక. దీనికి మార్కులు కూడా ఉంటాయి. మార్కులున్న చోట అడ్డదారులూ ఉంటాయి. పాత నివేదికలో ఊరి పేరు మాత్రం మార్చి ఇచ్చినవి మా కంటపడ్డాయి.

ఒక వేసవిలో కొందరు విద్యార్థులు మా గ్రామ సందర్శన బృందంతో కలిసి తిరిగారు. బి.కాం. చదివే ఒక అమ్మాయి ఒక చేనేత ఇంటికి వెళ్ళింది. "మరుగుదొడ్డి ఉందా అమ్మమ్మగారూ?" "ఉందమ్మా." టిక్కు పెట్టింది. బి.పి. మాత్రలు వాడుతున్నారా? వాడుతున్నాం. ఇంకో టిక్కు. పది నిమిషాల్లో ఇల్లు పూర్తయింది. కాగితం ప్రకారం ఆ ఇంట్లో ఏ లోటూ లేదు.

నాలుగు రోజులకు మళ్ళీ అదే ఇంటికి వెళ్ళమన్నాము. ఆమెకు కొంచెం విసుగే. ఈసారి కాగితం లేకుండా గుంటమగ్గం పక్కన కూర్చున్నది. మరుగుదొడ్డి ఉన్న మాట నిజమే, దాని నిండా ఎండుకట్టెలు ఉన్నాయి. కాలువలు కట్టేశాక ఆ వీధికి నీళ్ళు దూరం నుండి బిందెలతో మోయాలి, మోకాళ్ళ నొప్పులున్న ఆ పెద్దామె మోయలేదు. ఇక మాత్రలు తల నొప్పి పుట్టినప్పుడే వేసుకుంటున్నారు, నెలాఖరుకు డబ్బు అయిపోతే అవీ ఉండవు. బి.పి.కి చాలామందిలో తలనొప్పి ఉండదు, ఏ బాధా తెలియదు. బాధ లేదని మాత్ర మానేస్తే లోపల రక్తనాళాలు, మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. పక్షవాతం వచ్చాకనే తెలిసే ఇళ్ళు మా వార్డులో ఎన్నో.

ఆ అమ్మాయి చదువు అక్కడ పనికి వచ్చింది. ఆ ఇంటి నెల ఖర్చు లెక్క వ్రాసి, నీళ్ళ డబ్బాకు ఎంత, మందులకు ఎంత పోతున్నదో చూపింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బి.పి. మాత్రలు ఉచితంగా ఇస్తారని ఆ ఇంటివారికి తెలియదు. ఆశా కార్యకర్తను పిలుచుకొని వచ్చి పేరు వ్రాయించింది. నివేదికలో ఆమె తన మొదటి సర్వే కాగితాన్నీ, రెండవసారి చూసిన దానినీ పక్కపక్కన పెట్టింది. మాకు తెలిసినంతలో అంతకంటే మంచి నివేదిక రాలేదు.

మా తరం నర్సులకు కమ్యూనిటీ పోస్టింగులో మొదట నేర్పినది బ్యాగు ఎక్కడ పెట్టాలి, చేతులు ఎప్పుడు కడగాలి అన్నదే. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఆ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి గనుక, మన వల్ల వారికి హాని జరగకూడదు గనుక. 2022 నుండి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు కూడా కుటుంబాల దత్తత కార్యక్రమం పెట్టారు. ఒకసారి చూసి వదిలేయకుండా అదే కుటుంబాన్ని ఏళ్ళ తరబడి చూడాలన్నదే అందులో మాకు నచ్చిన సంగతి.

మేము చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మరో సంవత్సరం పిల్లలకు షుగరు పరీక్ష చేసే మిషను ఇచ్చి పంపాము, ఫలితం ఎలా చెప్పాలో చెప్పలేదు. ఒక కుర్రవాడు అరుగు మీద నిలబడి, నలుగురూ వినేలా, "పిన్నిగారూ, మీకు షుగరు మూడు వందలు దాటింది" అన్నాడు. ఆ ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఆమె రెండు నెలలు మా ఓ.పి. వైపు రాలేదు, వచ్చేటప్పటికి కాలికి పుండు పడింది. ఆ పిల్లవాడు మంచివాడే, తప్పు మాది. అప్పటినుండి రోగం సంగతి గుమ్మంలో మాట్లాడవద్దని, క్షయ, హెచ్.ఐ.వి. వంటివి సర్వేలో అడగనే వద్దని, పేరుతో సహా ఏదీ ఫోనులో ఫోటో తీయవద్దని ముందే కూర్చోబెట్టి చెబుతున్నాము.

ఈ వేసవిలో పిల్లలు మీ ఇంటికి వస్తే కూర్చోబెట్టండి, ఉన్నది ఉన్నట్లు చెప్పండి. చెప్పడం ఇష్టం లేని ప్రశ్నకు "చెప్పను నాయనా" అనవచ్చు, మొహమాటం అక్కరలేదు. బి.పి. చూస్తామంటే ముందు అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, వీపుకు ఆనుకొని, చేయి గుండె ఎత్తున ఉంచి. 140/90 లేక అంతకంటే ఎక్కువ వచ్చినా ఆ ఒక్కసారితో బి.పి. ఉన్నదని అనుకోవద్దు, మరో రోజు మళ్ళీ చూపించుకోవాలి. అంకెను తేదీతో సహా మీ చేతిలోనే ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వమనండి. మాత్రలు మొదలు పెట్టమని గానీ మానమని గానీ పిల్లలు చెబితే వినవద్దు. మీరు ఓ.పి.కి వచ్చేటప్పుడు ఆ కాగితం, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకొని రండి.