బల్లిపిల్ల పెంపకము – పదిహేనేండ్ల బాధ్యత

మా తరగతి బాలుడొకడు గోడబల్లి పిల్లను సీసాలో తెచ్చి, “అయ్యవారూ, దీన్ని పెంచుకోవచ్చా?” అని అడిగెను.

అమెరికా, ఐరోపా ఇండ్లలో ముచ్చటపడి పెంచునది చిరుతబల్లి అను వేరొక జాతి. దాని పిల్ల గుడ్డునుండి వెలువడునప్పుడు సుమారు 3 గ్రాములే తూగును. తొలి కుబుసము విడుచువరకు మేత ముట్టదు. కడుపులో మిగిలిన పచ్చసొనయే ఆధారము. పిదప అనుదినము, దాని కన్నుల నడిమి వెడల్పునకు మించని కీచురాళ్లను కాల్షియం పొడి అద్ది ఇవ్వవలెను. పొడి మానినచో ఎముకలు వంగిపోవును.

గూటిలో ఒకవైపు వెచ్చదనము, ఒకవైపు చల్లదనము, కుబుసము ఊడుటకు తడిచోటు ఉండవలెను. ఊడక మిగిలిన పొర బిగిసినచో వ్రేళ్లు రాలిపోవును. తోక పట్టి ఎత్తరాదు, తెగిపోవును.

సుమారు ఏడాదికి ఎదిగి, 15 ఏండ్లకు పైగా జీవించును. అనగా నాలుగవ తరగతిలో తలకెత్తుకొన్న బాధ్యత ఉద్యోగము వచ్చునాటికిని తీరదు.

ఇది విని బాలుడు సీసా మూత తీసి, బల్లిని గోడమీద విడిచెను.