మీకు తెలుసా? పాత వాచీ నిజం వెనక మూత కింద ఉంటుంది

మొదటిసారి పాత వాచీ కొనడానికి స్విట్జర్లాండ్ పేర్ల వెంట పడనక్కర్లేదు. జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో హెచ్ఎంటీ సంస్థ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 1980లలో మరో జపాన్ కంపెనీ సీకో సాంకేతికతతో మన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ కూడా వాచీలు చేసింది. లింగాల ఘనపూర్ లాంటి ఊళ్లో ఏ ఇంటి బీరువాలోనో తాతగారి హెచ్ఎంటీ ఉంటే, బజారు సరుకు కన్నా ముందు దాన్నే చూడండి. అది ఎవరి చేతిదో తెలుసు కదా, అంతకు మించిన రుజువు అరుదు.

బయట కొంటే మాత్రం మెరుపును నమ్మకూడదు. నలభై ఏళ్ల డయల్ నిన్న అచ్చేసినట్టుంటే, అక్షరాలు మందంగా అలుక్కుపోయి ఉంటే, దానికి మళ్లీ రంగు వేశారని అనుమానించాలి. మెకానిక్ చేత వెనక మూత తీయించండి. హెచ్ఎంటీ వారి జనతా మోడల్ అయితే లోపల 17 జువెల్స్ ఉన్న, కీ ఇచ్చే యంత్రం, దానిమీద కంపెనీ ముద్ర కనబడాలి. బ్యాటరీ కనబడితే అది ఆ పాత జనతా కాదు. అలాగైతే అద్దం, పట్టీ మార్చినవన్నీ నకిలీలేనా? కావు, అవి అరిగిపోయే భాగాలు. ‘టైము సరిగ్గా చూపిస్తే చాలదా’ అనేవారి మాటా సబబే, కట్టుకోవడానికి చాలు. కానీ రంగు మార్చిన డయల్‌కు అసలు డయల్ ధర అడిగితే ఒప్పుకోకూడదు.